పిల్లల్ని చంకనేసుకుని ఏ దేశం వెళ్ళాలండి? (బాబుకి 5, పాపకి 2)

అంబాజీపేట_అమ్మడు
మూడు నెలలుగా మా ఇంట్లో ఇదే పంచాయితీ. తేలట్లేదు, మీరే తేల్చాలి.

మాది అంబాజీపేట పక్క ఊరు. ఆయనకి 36, నాకు 33. ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగులో. కరోనా నుంచీ ఇంట్లో కూర్చునే పని, ఇప్పుడేమో హైదరాబాదు వచ్చెయ్యమంటున్నారు. ఎలాగూ ఊరు వదలాలి కదా, వదిలేదేదో గట్టిగానే వదుల్దాం అంటారాయన. కంపెనీ వాళ్ళు మ్యూనిక్ ఇస్తామంటున్నారు. ఆడపడుచు దుబాయ్‌లో ఉంది, వచ్చెయ్యండి అంటుంది. ఆయన కాలేజీ బ్యాచ్‌లో సగం కెనడా, సగం ఆస్ట్రేలియా, ఎవరి పాట వాళ్ళది.

మావగారికి మూడెకరాల కొబ్బరితోట ఉంది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఈయన ఒక్కడే కొడుకు.

యూట్యూబ్ చూస్తే ప్రతి దేశమూ స్వర్గమే. కింద కామెంట్లు చదివితే ప్రతి దేశమూ నరకమే. పిల్లల్ని అక్కడ పెంచుతున్నవాళ్ళు చెప్పండి, బ్యాచిలర్ కబుర్లు వద్దు. నేను పాప కడుపులో పడేదాకా రాజమండ్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను, ఇప్పుడు ఇంట్లోనే.

భీమారం_బుల్లోడు
సంక్రాంతికి కోడిపందేలు ఏ దేశంలో ఉంటాయో అక్కడికి ఎల్లండి. అంటే భీమారం.

లంక_గోదారి
నీకెప్పుడూ అదే గోల బుల్లోడూ. ఆవిడ సీరియస్‌గా అడుగుతుంటే.

ఎడ్మంటన్_ఎండుచేప
కెనడా వచ్చి ఆరేళ్ళు. వచ్చినప్పుడు మావాడికి నాలుగు. చలి గురించి అందరూ మైనస్ ముప్పై, మైనస్ నలభై అని అంకెలు చెప్తారు, అంకెలతో ఏం తెలుస్తుందండి. నేను చూపిస్తా చూడండి.

పొద్దున్న ఏడున్నర, బయట ఇంకా చీకటి. పిల్లాడికి లోపల థర్మల్, దానిమీద స్వెట్టర్, దానిమీద స్నోసూట్, రెండు జతల సాక్సులు, బూట్లు, మెడకి గొట్టంలాంటి గుడ్డ, టోపీ, చేతితొడుగులు. ఇరవై నిమిషాలు పడుతుంది. జిప్పు గడ్డం దాకా లాగుతామో లేదో, "అమ్మా ఉచ్చొస్తంది" అంటాడు. మళ్ళీ మొదట్నుంచీ. ఇది నవంబరు నుంచి మార్చి దాకా రోజూ. మైనస్ పదిహేనులో కూడా రీసెస్‌కి బయటికే పంపుతారు. వాడికి మాత్రం పండగే, ఏడ్చేది మేమే.

మంచి కూడా చెప్పాలి కదా. మా అల్బర్టాలో 2025 ఏప్రిల్ నుంచి బడికి వెళ్ళని పిల్లలకి ఫుల్‌టైమ్ డేకేర్ నెలకి 326 డాలర్లు, ఎంత ఆదాయం ఉన్నా అంతే. అంతకుముందు మేం దానికి రెండింతలు కట్టాం. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ప్రభుత్వం ఇచ్చే పిల్లల డబ్బులు నెలనెలా ఎకౌంట్లో పడతాయి, మన ఆదాయాన్ని బట్టి. చెడు ఏంటంటే ఫ్యామిలీ డాక్టరు దొరకడు. మాకు దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పటిదాకా వాకిన్ క్లినిక్కుల్లో పడిగాపులే.

దుబాయ్_దిబ్బరొట్టె
మీ ఆడపడుచు చెప్పింది నిజమేనండి. హైదరాబాదు నుంచి నాలుగు గంటలు. పొద్దున్న అత్తయ్యగారికి ఒంట్లో బాలేదంటే రాత్రికి ఇంట్లో ఉంటారు. జీతం మీద ట్యాక్స్ లేదు. సీబీఎస్‌ఈ స్కూళ్ళున్నాయి, రేపు ఇండియా వచ్చేసినా పిల్లల చదువు తెగదు.

కాకపోతే ఆ స్కూలు ఫీజులు మనమే కట్టుకోవాలి, ఇద్దరైతే ట్యాక్స్ కట్టినంత పని. ఇంకోటి, పదేళ్ళున్నా ఇరవయ్యేళ్ళున్నా మన పునాది ఉద్యోగమే. ఉద్యోగం పోతే వీసాకి గడువు మొదలవుద్ది. నా కొలీగుకి పోయింది, పిల్లది పదో తరగతి పరీక్షలు రాస్తుండగా. ఆ రెండు నెలలూ వాళ్ళింట్లో ఎవరూ టీవీ కూడా పెట్టలేదంట.

రాజోలు_గుమ్మం
గల్ఫ్ అంటే మీరు మాట్లాడేది వేరు, నేను చూసింది వేరు. మా అమ్మ కువైట్ వెళ్ళింది ఇంటిపనికి. అప్పుడు నాకు మూడేళ్ళు. అమ్మమ్మ దగ్గర పెరిగా. రెండేళ్ళకోసారి వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు నేను అమ్మమ్మ చీర వెనక దాక్కుని "ఎవరీవిడ" అని అడిగానంట. అమ్మ తెచ్చిన పెట్టె ఇప్పటికీ మా అటక మీద ఉంది, టేపు అంటించిన గుర్తులతో సహా.

మా వీధిలో ప్రతి మూడో ఇంట్లో ఇదే కథ. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలా అని మీరు ఆలోచిస్తున్నారంటే ముందు దానికి సంతోషించండి. అంతే. దేశం సంగతి నాకు తెలీదు.

లంక_గోదారి
రాజోలు గారూ 🙏

మ్యూనిక్_మజ్జిగ
మ్యూనిక్ అన్నారు కాబట్టి నేను రాయాలి. ఎనిమిదేళ్ళు ఇక్కడే, ఇద్దరు పిల్లలు.

ఏడాది నిండిన ప్రతి పిల్లకీ కీటాలో సీటు ఇవ్వాలని 2013 నుంచీ చట్టం ఉంది. కీటా అంటే మన అంగన్‌వాడీ, డేకేర్ కలిపినట్టు. చట్టం ఉంది, సీట్లు లేవు. ఊళ్ళో అడుగు పెట్టకముందే అప్లై చెయ్యండి. దొరికాక కూడా పిల్లని ఇచ్చేసి వచ్చెయ్యడం కుదరదు. "అయిన్‌గెవ్యోనుంగ్" అని ఒక తంతు. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో పక్కనే ఒక చిన్న కుర్చీలో కూర్చోవాలి. తర్వాత పది నిమిషాలు బయటికి. తర్వాత అరగంట. అలా మూడు నాలుగు వారాలు. ఆ కుర్చీ మీద నా నడుం విరిగింది గానీ, పిల్ల మాత్రం ఒక్క రోజు కూడా ఏడవలేదు. మన ఎల్‌కేజీలో గేటు దగ్గర లాక్కుపోయినట్టు కాదు.

పాప సంగతి సరే. మీ బాబుకి ఐదు. ఇక్కడ ఆరుకి ఒకటో తరగతి, అంతా జర్మన్‌లో. మా పెద్దాడు అదే వయసులో వచ్చాడు. నాలుగు నెలలు కీటాలో నోరు తెరవలేదు. ఐదో నెలలో ఒక రోజు కీటాలో గొడవపడి జర్మన్‌లో తిట్టాడని టీచరు ఫోన్ చేస్తే, మా ఆవిడ స్వీట్లు పంచింది.

బవేరియాలో నాలుగో తరగతి అయ్యేసరికి జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడింటి సగటు 2.33 లోపు ఉంటేనే నేరుగా గిమ్నాజియం, అంటే యూనివర్సిటీ దారి పట్టే హైస్కూలు. ఇక్కడ 1 అంటే ఫస్టు.

పాలకొల్లు_పంతులు
పదేళ్ళ పిల్లవాడి చేతిలో జాతకం పెట్టేస్తారా? ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. ఏడో తరగతి దాకా మొద్దబ్బాయి అనుకున్నవాడు ఇప్పుడు మా ఊరికి డాక్టరు.

మ్యూనిక్_మజ్జిగ
మాస్టారూ, తర్వాత మారడానికి దార్లున్నాయండి, మూసెయ్యరు. కానీ ఇంట్లో టెన్షన్ మాత్రం మూడో తరగతి నుంచే. బెర్లిన్‌లో అయితే ఆరో తరగతి దాకా ఆగుతారు.

భీమారం_బుల్లోడు
నాకు సగటు 2.33 వచ్చింది. నూటికి.

మెల్‌బోర్న్_మామిడితాండ్ర
సంక్రాంతి అని జోకేశారు గానీ బుల్లోడు తెలీకుండా అసలు పాయింటు అన్నాడు. ఆస్ట్రేలియాలో ఎండాకాలం సెలవులు డిసెంబరు చివర్నుంచి జనవరి చివరిదాకా. అంటే భోగి, సంక్రాంతి, కనుమ, జగ్గన్నతోట ప్రభల తీర్థం అన్నీ సెలవుల్లోనే! కెనడా, జర్మనీ, అమెరికా వాళ్ళకి జనవరి మధ్యలో బళ్ళుంటాయి, పిల్లల్ని మాన్పించి రావాలి. మావాళ్ళు ఏడేళ్ళలో నాలుగు ప్రభలు చూశారు. టిక్కెట్ల రేట్లు మాత్రం అప్పుడు కళ్ళు తిరుగుతాయి.

టైము కూడా కలుస్తుంది. పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి మనకి పదిన్నర. అమ్మ అరుగు మీద కూర్చుని కూరలు తరుగుతుంటుంది, ఫోను పీటకి ఆనించి పెట్టుకుని. వీళ్ళు హోంవర్కు చేస్తూ మాట్లాడతారు.

ఎండ చూసి మోసపోకండి, అది మన ఎండ కాదు, చర్మం లేచిపోద్ది. ప్రైమరీ స్కూల్లో టోపీ లేకపోతే ఆట లేదు, నీడలో కూర్చోవాల్సిందే.

ఎడ్మంటన్_ఎండుచేప
మామిడితాండ్ర గారు అత్తమావల సంగతి దాటేశారేంటి? ఆవిడ అడిగినదాంట్లో అదే ముఖ్యం. మాకు అమ్మానాన్నల కోసం సూపర్ వీసా అని ఉంది. వస్తే ఒక్కసారికి ఐదేళ్ళ దాకా ఉండొచ్చు. లక్ష డాలర్ల మెడికల్ ఇన్సూరెన్సు తీసుకోవాలి, ప్రీమియం వయసుని బట్టి మోత మోగిపోద్ది. శాశ్వతంగా తెచ్చుకోవడం మాత్రం లాటరీ, అదీ 2020లో పేర్లిచ్చినవాళ్ళలోంచే పిలుస్తా వచ్చారు.

మెల్‌బోర్న్_మామిడితాండ్ర
దాటెయ్యలేదు, చెప్పడానికి సిగ్గేసింది 😀 మామూలు పేరెంట్ వీసా అయితే క్యూ ముప్పై ఏళ్ళ పైమాటే. మనిషికి నలభై వేల డాలర్ల పైచిలుకు కట్టే రకం ఇంకోటుంది, దానికీ పదేళ్ళు దాటుతుంది. పైగా వాళ్ళ సంతానంలో కనీసం సగం మంది ఇక్కడ ఉండాలని ఒక లెక్క. అమ్మడు గారి అత్తమావలకి ఇద్దరే, ఒకరు ఇక్కడుంటే సగం అయినట్టే, ఆ లెక్కలో పాసు. కానీ ఆ క్యూలో పెద్దవాళ్ళు మిగలాలిగా. అందరూ చేసేది విజిటర్ వీసా మీద పిలిపించుకోవడమే.

పాలకొల్లు_పంతులు
పెద్దవాళ్ళ తరఫున నేను మాట్లాడతాను, ఎవరూ అడగకపోయినా.

మా అబ్బాయి న్యూజెర్సీ. 2016లో గ్రీన్ కార్డుకి వేశాడు, ఇంకా వరసలోనే ఉన్నాడు. ఏ దేశం వాళ్ళకైనా ఏడు శాతం మించి ఇవ్వరు కాబట్టి మనవాళ్ళ వరస కదలదట. మనవడు అక్కడే పుట్టాడు, అమెరికా పౌరుడు. మనవరాలు ఇక్కడ పుట్టి మూడేళ్ళకి వెళ్ళింది. ఇరవయ్యొకటి నిండేలోగా కార్డు రాకపోతే ఆ పిల్ల తండ్రి వీసా నీడలోంచి బయటికి వచ్చెయ్యాలి. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్న అక్కాతమ్ముళ్ళకి రెండు న్యాయాలు. అమ్మా, అమెరికా మీ లిస్టులో లేకపోవడమే మంచిదైంది.

నేనూ మా ఆవిడా రెండుసార్లు వెళ్ళొచ్చాం. ఆరేసి నెలలు. పగలంతా ఇంట్లో ఇద్దరమే, కిటికీలోంచి చూస్తే నడిచే మనిషి కనపడడు. అత్తమావల్ని తెచ్చుకోవడం గురించి ఇంత లెక్కలేస్తున్నారు, వాళ్ళకి రావాలని ఉందో లేదో ఎవరైనా అడిగారా? కాలవగట్టు మీద నాలుగు మాటలు లేకపోతే మాకు పూట గడవదు.

అంబాజీపేట_అమ్మడు
మాస్టారూ, ఇప్పుడే అడిగానండి. మావగారు "కొబ్బరికాయల దింపు ఎవరు చూస్తారు, మీరే ఏడాదికోసారి రండి" అన్నారు. అత్తయ్యగారు ఏం అనలేదు. పాపకి జడేస్తున్నారు.

కొబ్బరి_లాయరు
తోట గురించి ఒక్క ముక్క. అక్కడి పౌరసత్వం తీసుకుంటే ఇండియా పౌరసత్వం పోతుంది, మన రాజ్యాంగంలో రెండూ ఉంచుకునే వీల్లేదు. దాని బదులు ఓసీఐ కార్డు ఇస్తారు, వీసా లేకుండా వచ్చిపోవడానికి. ఓసీఐ అయినా ఎన్నారై అయినా పొలం, తోట కొత్తగా కొనకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం నిక్షేపంగా ఉంచుకోవచ్చు. కాబట్టి "వెళ్ళేలోపు తోట అమ్మెయ్యండి, తర్వాత చిక్కు" అని చెప్పే బ్రోకర్ల మాట వినకండి. పక్క ఎకరం కొనాలని ఉంటే మాత్రం విమానం ఎక్కకముందే.

కాటన్_గేటు
ఎక్కడ మనోళ్ళు ఎక్కువుంటే అక్కడికి ఎల్లాలండి. డల్లాస్, మెల్‌బోర్న్...

మండువా_లోగిలి (నిర్వాహకులు)
పై పోస్టు కింద "మనోళ్ళు అంటే ఎవరోళ్ళు" అని మొదలై కులం దాకా పోయింది. ఆరు పోస్టులు తీసేశాను. పిల్లల గురించి మాట్లాడుకోండి.

సిస్టరమ్మ_అడిలైడ్
ఇంతమంది ఇంత రాశారు, మొదటి పోస్టు ఆఖరి లైను ఒక్కరూ చదవలేదా? ఆవిడ NURSE అని పెద్దక్షరాలతో రాద్దామనిపించింది గానీ ఇక్కడ తెలుగులోనే రాయాలంట. నర్సు అండి, నర్సు! టెస్టింగు ఉద్యోగానికి ఏ దేశం తలుపు తీస్తుందా అని మీరంతా లెక్కలేస్తున్నారు. తాళంచెవి ఆవిడ కొంగున ఉంది.

అమ్మడూ, నర్సింగులో బీఎస్సీయా, జీఎన్ఎమ్ డిప్లొమానా?

అంబాజీపేట_అమ్మడు
బీఎస్సీ అక్కా. కానీ రెండున్నరేళ్ళ గ్యాప్. ఇప్పుడు నన్నెవరు తీసుకుంటారు?

సిస్టరమ్మ_అడిలైడ్
బీఎస్సీ అయితే ఇక విను. ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ అని నర్సు లైసెన్సు పరీక్ష. హైదరాబాదులోనే రాయొచ్చు. ఆస్ట్రేలియాకీ అదే, కెనడాలో దాదాపు అన్ని రాష్ట్రాలకీ అదే. ఆస్ట్రేలియాకైతే దాని తర్వాత ఆస్కీ అని ప్రాక్టికల్ పరీక్ష, అది రాయడానికి ఇక్కడికే రావాలి. బొమ్మ పేషెంటు పక్కన నిలబడి, చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచీ పైకి చెప్తూ చెయ్యాలి. నేను మొదటిసారి ఫెయిలు. చేతులు బాగానే కడిగాను, పేషెంటు పేరు అడగడం మర్చిపోయాను.

నీ అసలు సమస్య గ్యాప్. ఆస్ట్రేలియా రిజిస్ట్రేషనుకి గత ఐదేళ్ళలో 450 గంటల పని చూపించాలి. రాజమండ్రి సర్వీసు గంటలు ఇప్పటికి ఇంకా ఆ ఐదేళ్ళలోపే ఉన్నాయి, కానీ కాగితాలు తేలేసరికి ఏడాదిన్నర పడితే? గడియారం నడుస్తోంది. రేపే వెళ్ళి దగ్గర్లో ఎక్కడైనా చేరు. జీతం చూడకు, ఎక్స్‌పీరియన్స్ లెటరు చూడు.

ట్రాన్స్‌క్రిప్టులు, అంటే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల కాగితాలు, వాటికి కూడా ఇప్పుడే పెట్టు. మన హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో మారి 2024లో మళ్ళీ పాత పేరుకి వచ్చింది. నీ డిగ్రీ మీద ఒకటి, కాగితాల మీద ఇంకోటి ఉంటే అది ఒకటేనని పక్కన ఒక ఉత్తరం జతచెయ్యి.

లండన్_లేతకొబ్బరి
సిస్టరమ్మతో నూటికి నూరు. యూకే కూడా చూడండి. మామూలు వర్క్ వీసా మీద వస్తే ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌ఛార్జి 2024 నుంచీ పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. నలుగురికి 3,622. ఐదేళ్ళ వీసా అయితే 18,110 పౌండ్లు ముందే కట్టాలి. నర్సుగా వస్తే కుటుంబం మొత్తానికీ అది మాఫీ. పెద్దవాళ్ళకి, రోగులకి సాయంగా ఉండే కేర్ వర్కర్లు 2024 మార్చి నుంచీ పిల్లల్ని తెచ్చుకోలేరు, నర్సులు తెచ్చుకోవచ్చు. ఈ రెండిటికీ తేడా చెప్పకుండా డబ్బులు గుంజే ఏజెంట్లున్నారు, జాగ్రత్త. మా పిన్ని కూతురు అలాగే పద్నాలుగు లక్షలు పోగొట్టుకుంది.

శాశ్వత నివాసానికి ఐదేళ్ళు ఉండేది, దాన్ని పదేళ్ళు చేస్తామని 2025లో ప్రభుత్వం అంది. అందుకని నేను మరీ గట్టిగా రమ్మనను.

పిల్లల సంగతి: బాబు నేరుగా బడికి, ఫీజు లేదు. పాపకి మూడొచ్చాక వారానికి 15 గంటల నర్సరీ అందరికీ ఉచితం. 30 గంటలది ఉంది గానీ ఇద్దరూ మనలాంటి వీసా మీద ఉంటే రాదు. మా వార్డులో షిఫ్టు పన్నెండున్నర గంటలు. నేను ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పిల్లలు నిద్ర, తిరిగొచ్చేటప్పుడూ నిద్ర. మా ఆయన చూసుకోబట్టి సరిపోయింది.

ఎడ్మంటన్_ఎండుచేప
ఇది ఎవరూ ముందు చెప్పరండి. ఏ దేశమైనా మొదటి ఏడాది డేకేర్‌లో పిల్లలకి నెలకి రెండుసార్లు జ్వరం. కొంచెం ఒళ్ళు వెచ్చబడితే చాలు ఫోను, వచ్చి తీసుకుపొమ్మని. మనూళ్ళో అయితే అమ్మమ్మ ఒళ్ళో పడేసి పోతాం. అక్కడ ఎవరున్నారు? అల్బర్టా చట్టం ప్రకారం ఇంటి అవసరాలకి ఏడాదికి ఐదు రోజులు, అదీ జీతం లేకుండా. కంపెనీ మంచిదైతే ఎక్కువిస్తుంది. మాకు మొదటి ఫిబ్రవరికే ఐదూ అయిపోయాయి. మా ఇద్దరికీ నిజంగా గొడవ వచ్చింది ఒక్క దాని మీదే, ఇవాళ నీ మీటింగు ముఖ్యమా నా మీటింగు ముఖ్యమా అని.

మెల్‌బోర్న్_మామిడితాండ్ర
ఇక్కడ పర్మనెంటు ఉద్యోగమైతే జీతంతో పది రోజులు, మన జబ్బుకీ పిల్లల జబ్బుకీ కలిపి. విరేచనాలు అయితే ఆగాక 24 గంటలు గడిచేదాకా డేకేర్‌కి రానివ్వరు. పది రోజులు జూన్‌కే చెల్లు.

మ్యూనిక్_మజ్జిగ
2.33 అని భయపెట్టాను కదా, ఇప్పుడు జర్మనీ పరువు నిలబెడతా. ప్రభుత్వ ఇన్సూరెన్సులో ఉంటే, 2024, 2025ల్లో ఒక్కో పిల్లకి తల్లికి 15 రోజులు, తండ్రికి 15 రోజులు. ఇద్దరు పిల్లలంటే మనిషికి 30. జీతంలో చాలావరకు ఇన్సూరెన్సే ఇస్తుంది. డాక్టరు చీటీ చాలు, బాసు మొహం చిట్లించడు, ఎందుకంటే వాడూ పోయిన వారం అదే పని చేశాడు. పైగా ప్రభుత్వం ఒక్కో పిల్లకి నెలకి 255 యూరోలు ఇచ్చింది 2025లో. నర్సులంటే ఇక్కడా ఎర్ర తివాచీయే, కానీ బీ2 అనే స్థాయి దాకా జర్మన్ రావాలి. ఇద్దరు పిల్లలతో ఏడాది కష్టపడాలి.

లంక_గోదారి
అయితే నర్సు అక్క బయటికెళ్తే బావగారు ఇంట్లో ఉండాలన్నమాట. అసలు ఆయనేమంటున్నారో?

అంబాజీపేట_ఆయన
ఆ "ఆయన" నేనే. మొదట్నుంచీ చదువుతున్నా, ఇప్పుడు అకౌంటు తెరిచా. వీసాకి కావాల్సిన పాయింట్లు లెక్కేశా. ఆస్ట్రేలియాలో వయసుకి నాకు 25, ఆవిడకీ 25 (33 నిండకుండా ఉంటే 30 వచ్చేది, ఇన్నాళ్ళూ నా పేరు మీదే తిప్పుతూ కూర్చున్నాం). తెలుగులో అనువాదం పరీక్ష పాసైతే ఇంకో 5 అంట, అదైనా నేను రాస్తానంటే, ముఖ్య దరఖాస్తుదారు ఆవిడైతే ఆవిడే రాయాలట. మరి నేనేం చెయ్యాలి?

లండన్_లేతకొబ్బరి
డిపెండెంటుకి కూడా పని చేసుకునే హక్కుంటుందండి, భయపడకండి. కాకపోతే ముందు అన్నం వార్చడం.

పాలకొల్లు_పంతులు
బాబూ, మోకాళ్ళకి మాత్రం వెళ్ళేలోపు చూపించి వెళ్ళు.

అంబాజీపేట_ఆయన
చూపిస్తానండి మాస్టారూ. సోమవారం కాకినాడ తీసుకెళ్తున్నా.

భీమారం_బుల్లోడు
బావా, టోపీ కొనుక్కో. లేకపోతే ఆట లేదంట.

అంబాజీపేట_అమ్మడు
అమలాపురంలో ఒక ఆసుపత్రిలో మాట్లాడొచ్చా. ఒకటో తారీఖు నుంచి నైట్ డ్యూటీ. సిస్టరమ్మక్కా, ఎన్‌క్లెక్స్ పుస్తకం ఏది కొనాలో చెప్పు. ఆస్ట్రేలియానా కెనడానా అన్నది పరీక్ష అయ్యాక చూస్తాం, మ్యూనిక్‌కి ఆయన ఇంకా కాదని చెప్పలేదు.

ఇవాళ రాత్రికి పప్పుచారు ఆయనే కాచారు. ఉప్పెయ్యలేదు. మావగారు రెండుసార్లు వడ్డించుకున్నారు.